పాలిష్ పెట్టిన చెయ్యి

పట్టీ కింద మందు లేదు.

ఆమె ముందు తన కళ్లనే అనుమానించింది. సోఫాలో తండ్రి భుజం మీద తల వాల్చి నిద్రపోతున్న కూతురి చేతిని మెల్లగా లైటు వెలుతురులోకి తిప్పి మళ్లీ చూసింది. పలచటి ప్లాస్టిక్ పట్టీ అరచేతి వెనకవైపున ఒక్క ముడత లేకుండా అతుక్కుని ఉంది. దాని కింద తెల్లగా వెన్నముద్దలా కనబడాల్సిన మందు జాడే లేదు. చర్మం నున్నగా మెరుస్తోంది. రెండో చెయ్యి చూసింది. అదీ అంతే.

నిద్రలో ఉంది కాబట్టి పిల్ల చెయ్యి ఇచ్చింది. మెలకువగా ఉంటే తల్లికి ఇచ్చేదే కాదు.

"మందేదండీ?" అంది.

"పెట్టానుగా," అన్నాడు భర్త.

"ఎక్కడ?"

"నువ్వు చెప్పిన చోటే. ఊరికే పెట్టలేదు, మూడు కోటింగులు ఇచ్చాను. ఒకటి బాగా ఇంకాక ఇంకోటి. మిగిలింది మెత్తటి గుడ్డతో తుడిచేసి అప్పుడు పట్టీ వేశాను. చూడు, ఎలా నిగనిగలాడుతోందో."

ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో ఉన్న సంతోషం చూసి ఆమెకి ఏడుపొచ్చింది.

బల్లలకీ కుర్చీలకీ తలుపులకీ పాలిష్ పెట్టడం అతని వృత్తి. గుడ్డను ఉండగా చుట్టి, పాలిష్‌లో ముంచి, కొయ్య మీద గుండ్రంగా రుద్ది రుద్ది దాన్ని లోపలికి దించెయ్యాలి. పైన చుక్క మిగిలినా పని చెడినట్టే లెక్క. పెళ్లయిన కొత్తలో ఆమెకి తలనొప్పి వస్తే కాస్త బామ్ రాయమన్న పాపానికి, అది పూర్తిగా ఇంకిపోయేదాకా రుద్ది నుదురంతా కందగడ్డలా చేసి వదిలాడు. ఆ ఇంట్లో కొయ్యన్నది ఏదైనా అద్దంలా మెరుస్తుంది, ఆఖరికి చీపురు కర్రతో సహా. అలాంటి మనిషి చేతికి మందు ట్యూబు ఇచ్చి తను స్నానానికి వెళ్లింది.

"దాన్ని రుద్దకూడదండీ. ముద్దగా పెట్టి, పైన పట్టీ వేసి, గంటసేపు ముట్టుకోకుండా వదిలెయ్యాలి. అప్పుడే చర్మం మొద్దుబారుతుంది. అప్పుడే సూది గుచ్చినా తెలియదు. నర్సు చెప్పిందంతా నేను మీకు చెప్పాను కదా."

"చేతుల వెనక మందు పెట్టి పట్టీ వెయ్యమన్నావు. రుద్దొద్దని ఎప్పుడన్నావు?"

"అన్నాను."

"అనలేదు."

ఆమె ఒక పెద్ద దుకాణంలో వాపసు కౌంటరు దగ్గర పనిచేస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, మీ మనిషే అలా చెప్పాడు, నేను విప్పనైనా లేదు, నాకిచ్చినప్పుడే విరిగి ఉంది అనేవాళ్ల మొహాలు చూస్తూ ఉంటుంది. ఎవరు అబద్ధమాడుతున్నారో ఎవరు ఆడట్లేదో నోరు తెరవకముందే చెప్పగలదు. భర్త మొహంలో అబద్ధం లేదు. అంటే తనే చెప్పలేదా? స్నానానికి వెళ్లే తొందరలో మింగేసిందా? కానీ ఆ సంగతి ఒప్పుకోవడానికి ఆ పూట ఆమెకి మనసు రాలేదు.

"ట్యూబు ఏది?" అంది.

అతను జేబులోంచి తీసి ఇచ్చాడు. తోక దగ్గర్నుంచి చుట్టుకుంటూ వచ్చి, మూతి దాకా నొక్కి, ఆఖరి చుక్క వరకూ వాడేశాడు. వస్తువు వృథా చెయ్యడం అతనికి ఇష్టముండదు.

ఆ మందు ఆసుపత్రివాళ్లు ఇచ్చింది. వీధి చివరి మందుల షాపు ఇంకా తెరవలేదు, తెరిచినా అక్కడ దొరకదు. టాక్సీ వచ్చే వేళయింది.

వెనక గదిలో, పరగడుపున ఉన్న పిల్ల కంట పడకుండా తలుపు చాటున టీ తాగుతున్న అత్తగారు గ్లాసు పక్కన పెట్టి వచ్చింది. కొడుకు చేసినదాంట్లో తప్పేమిటో ఆవిడకి ఎంతకీ బోధపడలేదు. మందన్నాక రుద్దాలి, రుద్దకపోతే ఒంటికెలా పడుతుంది, వీడి చిన్నప్పుడు దగ్గొస్తే నేను రుద్దిన రుద్దుడుకి గుండెల్లో కఫం ఇల్లు వదిలి పారిపోయేది అని మొదలుపెట్టింది. కోడలు ఖాళీ ట్యూబుని చేతిలో తిప్పుతూ నిలబడింది. అది చూసి ఆవిడ గొంతు తగ్గించింది. "మరయితే ఇప్పుడు దానికి నొప్పి తెలుస్తుందా అమ్మాయ్?" అని అడిగింది.



నిద్రలో పిడుగు మళ్లీ గట్టిగా గురక పెట్టింది. ఆరేళ్ల ఆ పిల్లకి పుట్టగానే పెట్టిన అరుపుకి తండ్రి ముద్దుగా పెట్టిన పేరు అది. ఇప్పుడు పేరుకే పిడుగు. గొంతులో రెండు పక్కలా టాన్సిల్ గడ్డలు ఉబ్బి, మాట ముక్కులోంచి వస్తోంది. నిద్రలో గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఊపిరి ఉండదు. తల్లి పక్కన కూర్చుని, రా తల్లీ, రా, అని లోపల్లోపల బతిమాలుకుంటుంది. అప్పుడు పెద్దగా ఎగశ్వాస తీసుకుని మళ్లీ గురక మొదలుపెడుతుంది. గురక వింటే ప్రాణం లేచొచ్చే ఇల్లు బహుశా అదొక్కటే. గడ్డలు తీయించకపోతే ఏదో ఒక రాత్రి ఆ ఊపిరి తిరిగి రాకపోవచ్చని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఇంతకు ముందు తీసుకెళ్లినప్పుడే అయిపోవాల్సిన పని అది. మత్తు ఇవ్వాలంటే ముందు చేతికి సూది ఎక్కాలి. మూతికి మాస్కు పెట్టి నిద్రపుచ్చే పద్ధతి ఈ పిల్ల గొంతుకి క్షేమం కాదన్నారు. సూది నరానికి దొరకలేదు. ఒక చెయ్యి అయ్యాక ఇంకో చెయ్యి, మళ్లీ మొదటి చెయ్యి. కాళ్లు ఒకరు పట్టుకున్నారు, తల ఒకరు పట్టుకున్నారు. చేతులు పట్టుకున్నది తల్లి. అమ్మా వదులు, అమ్మా వదులు అని పిల్ల అరిచి అరిచి వాంతి చేసుకుంది. ఆ రోజుకి ఆపరేషన్ ఆపేసి ఇంటికి పంపించేశారు.

అప్పట్నుంచి పిడుగు తల్లికి చెయ్యి ఇవ్వదు. రోడ్డు దాటేటప్పుడు ఆమె సంచీ పట్టీ పట్టుకుంటుంది. జడ వేయించుకుంటుంది, అన్నం తినిపించుకుంటుంది, కథ చెప్పించుకుంటుంది. చెయ్యి మాత్రం వెనక్కి పెట్టుకుంటుంది. కోపంగా కాదు, జాగ్రత్తగా. ఆ జాగ్రత్తే తల్లిని కోసేస్తోంది.

అందుకే ఈసారి నర్సు ఆ మందు చూపించినప్పుడు ఆమె దేవుడు దిగొచ్చినట్టు చూసింది. నీ చేతికి సూది గుచ్చినా తెలియదు, అమ్మ మాట ఇస్తోంది, అని పిల్లకి నిన్న రాత్రి ఒట్టేసి మరీ చెప్పింది. పిడుగు చాలాసేపు ఆలోచించింది. నొప్పి రాకపోతే అప్పుడు నీకు చెయ్యిస్తాలే అంది.

"నాన్నా," అని లేచింది పిల్ల ఇప్పుడు. కళ్లు పూర్తిగా తెరవకుండానే చేతులు ముందుకి చాపి చూసుకుంది. "పట్టిందా?"

భర్త భార్య వైపు చూశాడు. చెప్పెయ్యమంటావా అన్నట్టు కాదు. చెప్పొద్దు, నీకు పుణ్యముంటుంది అన్నట్టు.

"పట్టిందమ్మా," అన్నాడు.

ఆమె పక్కకి తిరిగి సంచీ సర్దింది. అప్పటికే సర్దేసి ఉన్న సంచీ అది.

టాక్సీలో పిల్ల ఇద్దరి మధ్య కూర్చుంది. ఎడమచెయ్యి తండ్రి మోకాలి మీద, కుడిచెయ్యి సంచీ పట్టీ మీద. డ్రైవరు పిల్లని నవ్విద్దామని ఏదో అన్నాడు, ఎవరూ నవ్వకపోయేసరికి రేడియో గొంతు పెంచుకున్నాడు. ఆ పాటల మాటున, కూతురి తల మీదుగా, మొగుడూ పెళ్లాలూ పెదాలు కదిపీ కదపకుండా పోట్లాడుకున్నారు.

పిల్లకి నిజం చెప్పేద్దామని ఆమె. చెప్తే టాక్సీ దిగదని అతను. దిగకపోయినా సరే, పోయినసారి లాగా మోసం చెయ్యనంది. పోయినసారి మోసం కాదు, చేతకానితనం అన్నాడు. ఆ మాట ఎవరి గురించి అన్నాడో అతనికే తెలియదు కాబోలు, అనగానే కిటికీ వైపు తిరిగిపోయాడు.

కాసేపటికి పిల్ల చేతులు రెండూ పైకెత్తి పట్టీలని వెలుగులో చూసుకుంది.

"నువ్వు భలే పెట్టావు నాన్నా. మన బల్లలాగా మెరుస్తోంది," అంది. తర్వాత తల్లి వైపు తిరగకుండానే, ముక్కుతో, నెమ్మదిగా అడిగింది. "నాన్నని ఎందుకు తిట్టావు?"

"తిట్టలేదమ్మా."

"తిట్టావు. నాకు మెలకువొచ్చింది, కళ్లు మూసుకుని విన్నాను."

ఎంతవరకు విందో అడిగే ధైర్యం ఇద్దరిలో ఏ ఒక్కరికీ లేకపోయింది.

ఆసుపత్రిలో ఆపరేషన్‌కి ముందు పిల్లల్ని కూర్చోబెట్టే గది ఒకటుంది. గోడల నిండా చేపల బొమ్మలు, మూలన బరువు చూసే యంత్రం, ఒక చెక్క గుర్రం. ఆ గుర్రానికి పాలిష్ ఎప్పుడో పోయింది. మరో రోజైతే అతను దాని వీపు మీద చెయ్యేసి నిమిరి, ఎవడు చేశాడురా దీన్ని అని విసుక్కునేవాడు. ఇవాళ దాన్ని చూడనైనా లేదు. అతను చూసింది ఎదురు కుర్చీలో తాతగారి ఒళ్లో ఉన్న పసిపాపని.

ఆ పాప రెండు చేతుల మీదా పట్టీలున్నాయి. పట్టీల కింద తెల్లటి మందు ఉబ్బెత్తుగా, ఎవరూ ముట్టుకోని మీగడలా ఉంది.

అతను చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత తన కూతురి చేతులు చూశాడు.

"ఇలాగా?" అన్నాడు.

ఆమె తల ఊపింది. అతను రంగు ఇంకి గోళ్ల చుట్టూ నల్లబడిన తన వేళ్లని తొడల కింద దాచుకుని కూర్చున్నాడు. పొద్దున్నుంచి ఆమెలో కాగుతున్న కోపమంతా ఆ వేళ్లని చూసి చప్పున చల్లారిపోయింది. చల్లారాక తెలిసింది, ఇంతసేపూ తనని నిలబెట్టింది ఆ కోపమేనని. ఇప్పుడు పట్టుకోవడానికి ఏమీ లేదు.

నర్సు వచ్చి చూసి అయ్యో అంది. పట్టీలు తీసి, చేతులు తుడిచి, కొత్త ట్యూబులోంచి మందు ముద్దగా పెట్టి మళ్లీ పట్టీలు వేసింది. రుద్దిన మందు కొంచెమైనా పట్టి ఉండొచ్చు, ఏమో చెప్పలేం అంది. గంట పడుతుంది కదా అంటే, ఔను, కానీ మొదటి వంతు మీ పాపదే, అంత వ్యవధి ఉండదు అంది.

ఆమె లేచి కౌంటరు దగ్గరికి నడిచింది. తమ పాపని రెండో వంతుకి మార్చమని అడిగింది. పసిపాప తాతగారిని అడిగితే సరేనన్నారని చెప్పింది. కౌంటరులో మనిషి ఓపికగా విన్నాడు. ఈ పాప ఊపిరి సమస్య వల్ల ఆపరేషన్ అయ్యాక ఎక్కువసేపు కనిపెట్టుకుని ఉండాలి కాబట్టి సర్జన్ గారే మొదటి వంతు వేశారని, మార్చడం కుదరదని చెప్పాడు. మీ బాధ నాకు అర్థమైందండీ, కానీ నా చేతిలో లేదు అన్నాడు.

ఆ మాట ఆమెదే. అదే మెత్తటి గొంతు, అదే తల వంచడం. రోజూ ఎంతమందికి చెప్పి పంపిస్తుందో ఆమెకే తెలియదు. ఆ మాట విన్నాక మనిషి ఇంకేం చెయ్యాలో ఏనాడూ ఆలోచించలేదు. ఇప్పుడు తెలిసింది. ఏమీ చెయ్యలేక తిరిగొచ్చి కూర్చోవాలి. తిరిగొచ్చి కూర్చుంది.

పిల్లకి దాహమేస్తోంది. తెల్లవారాక చుక్క నీళ్లు పొయ్యొద్దన్నారు. వెనక తాళ్లు కట్టిన పొట్టి గౌనులో మోకాళ్లు దగ్గరికి లాక్కుని, గోడ మీది చేపల్ని చూస్తూ, వాటికి దాహమెయ్యదు కదా నాన్నా అంది. అతను వెయ్యదమ్మా అన్నాడు.

గోడ గడియారం వైపు చూడకూడదనుకుంటూనే ఆమె చూసింది. మందు పెట్టి అరగంట కూడా కాలేదు. అప్పుడే తలుపు తెరుచుకుంది.

మత్తు డాక్టరు పొట్టిగా, చెదిరిన జుట్టుతో, అప్పుడే నిద్రలేచిన పిన్నిలా ఉంది. పోయినసారి కూడా ఆవిడే. పిల్లని తన పక్కన ఎత్తు మంచం మీద కూర్చోబెట్టుకుంది. నర్సు జరిగిందంతా ముందే చెప్పినట్టుంది, ఎవరినీ తప్పు పట్టలేదు. తల్లిదండ్రులిద్దరికీ నెమ్మదిగా ఒకటే చెప్పింది.

"పోయినసారి లాగా నలుగురం మీద పడి గుచ్చడం నా వల్ల కాదు. ఆ రోజు నాకూ నిద్ర పట్టలేదు. మొద్దుబారిందో లేదో చూస్తాను. బారితే కానిద్దాం. లేకపోతే ఇవాళ్టికి ఆపేద్దాం."

"మళ్లీ ఎప్పుడు?" అంది ఆమె.

"సర్జన్ గారు సెలవు మీద వెళ్తున్నారు. వచ్చాక చూడాలి. తొందరగానే అవుతుందని మాత్రం నేను చెప్పలేను."

ఆమెకి రాత్రుళ్లు గుర్తొచ్చాయి. గురక ఆగిన తర్వాతి నిశ్శబ్దం గుర్తొచ్చింది. సర్జన్ సెలవులో ఉన్నన్ని రాత్రులు.

డాక్టరు ఎడమచేతి మీద పట్టీ తీసి, మందు తుడిచింది. కొన గుండ్రంగా ఉన్న చిన్న పుల్ల ఒకటి తీసుకుంది. అది సూది కాదని పిల్లకి చూపించింది, పిల్ల వేలితో తాకి చూసుకుంది.

"పిడుగూ, నేను దీంతో నొక్కుతాను. తెలిస్తే తెలిసిందని చెప్పాలి. చెప్తే ఎవరూ ఏమీ అనరు. ఇంటికెళ్లిపోదాం, సరేనా?"

పిల్ల తల ఊపింది. తర్వాత తండ్రి వైపు చూసింది. అతను గోడకి ఆనుకుని, చేతులు వెనక దాచుకుని, తప్పు చేసి క్లాసు బయట నిలబడ్డ కుర్రాడిలా ఉన్నాడు.

తల్లి దగ్గరికి జరిగింది. అలవాటుగా సంచీ పట్టీ పిల్ల వైపు జరిపింది. పిల్ల దాన్ని పట్టుకోలేదు.

"నువ్వు నన్ను పట్టుకోవద్దు," అంది. "నేనే నిన్ను పట్టుకుంటా."

కుడిచెయ్యి చాపి తల్లి చేతిలో పెట్టింది.

ఇన్నాళ్లుగా ఆ చెయ్యి కోసం ఆమె కాచుక్కూర్చుంది. ఎంత చిన్నదో మరిచిపోయింది కూడా. పట్టీ అంచు ఆమె బొటనవేలికి తగిలింది. వేళ్లు చల్లగా ఉన్నాయి. ఆమె తన వేళ్లని వాటి మీద మూయలేదు. పిల్ల చెప్పినట్టే తన చేతిని తెరిచి ఉంచింది.

డాక్టరు పుల్లతో ఎడమచేతి వెనక నొక్కింది.

"తెలుస్తోందా?"

పిల్ల మొహంలో మార్పు లేదు. కళ్లు తండ్రి మీదే ఉన్నాయి. కానీ ఆ చల్లటి వేళ్లు తల్లి చేతిలో ఒక్కసారిగా బిగుసుకున్నాయి. గోళ్లు దిగేంత గట్టిగా.

"తెలియట్లేదు," అంది పిడుగు. "నాన్న బాగా పెట్టాడు."

గోడ దగ్గర అతను కుప్పకూలినట్టు కుర్చీలో కూర్చుని, రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. సంతోషంతోనే. దేవుడా అని అతను గొణుక్కోవడం అందరికీ వినబడింది.

డాక్టరు ఇంకోసారి, కొంచెం పక్కగా నొక్కింది. వేళ్లు ఇంకోసారి బిగుసుకున్నాయి. పిల్ల తెలియట్లేదంది.

ఆమె కూతురి కళ్లలోకి చూసింది. ఆరేళ్ల పిల్ల అంత నిబ్బరంగా అబద్ధం ఆడటం ఎక్కడ నేర్చుకుందా అనుకోబోయి ఆగిపోయింది. ఇవాళ పొద్దున్నే, సోఫాలో, నేర్చుకుంది. నేర్పింది తామిద్దరే. ఇప్పుడు నోరు తెరిస్తే ఆపరేషన్ పోతుంది, ఇచ్చిన చెయ్యి వెనక్కి పోతుంది, కుర్చీలో ఉన్న ఆ మనిషి మళ్లీ తలెత్తుకోలేడు. తెరవకపోతే అసలు సూది వచ్చేసరికి ఈ చెయ్యి తన చేతిలోనే ఉంటుంది. అమ్మకి తెలుసని, తెలిసీ ఊరుకుందని ఆ చేతికి తెలుస్తుంది.

డాక్టరు నర్సుకి ట్రే తెమ్మని సైగ చేసింది. అంతలో ఏమనుకుందో, పిల్ల మొహం వదిలేసి, తల్లి మొహం వైపు తేరిపార చూసింది.

"మీరేమంటారమ్మా?" అని అడిగింది. "కానిద్దామా?"

పిల్ల కూడా అమ్మ వైపు చూసింది. గోళ్లు దిగిన చోట తల్లికి సన్నగా మంట పుడుతోంది. చెయ్యి మాత్రం ఇంకా ఆమె చేతిలోనే ఉంది.